బరంపురంలో హార్న్ స్పీకర్లు: కొనడం, జతకట్టడం, అమ్మడం

ఎవరైనా హార్న్ స్పీకర్లు కొంటానంటూ ఫోన్ చేస్తే ముందుగా గది కొలతలు అడుగుతాను. పొడవెంత, వెడల్పెంత, మూలల్లో తలుపులో కిటికీలో ఉన్నాయా, కూర్చునే చోటు ఎంత దూరంలో ఉంటుంది. ఒడిశాలోని పాత బరంపురంలో మా వీధి ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. అలాంటి ఇంట్లో హార్న్ కుదరదని చాలామంది ఆశ వదిలేసుకుంటారు. కుదురుతుంది, కాకపోతే ఏది పెట్టాలో చూసుకోవాలి.

మా నాన్నగారు పెళ్ళిళ్ళకీ, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకీ మైకు సెట్టు అద్దెకిచ్చేవారు. సోల్డరింగ్ నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు పాత హార్న్ స్పీకర్లు కొని, బాగుచేసి, అమ్ముతుంటాను. ఘంటసాల గొంతు మంచి హార్న్‌లో ఒకసారి విన్నవాళ్ళకి మామూలు బాక్సులో అదే పాట వెలితిగా ఉంటుంది. అందుకే ఈ పని మీద నాకు ఇంత పట్టింపు.

స్పీకర్‌లో అదిరి శబ్దం పుట్టించే పొర డయాఫ్రమ్. అది చిన్నదై నేరుగా గాలిని తోస్తే దాని శక్తి చాలావరకు వృథా పోతుంది. దాని ముందు క్రమంగా వెడల్పయ్యే గొట్టం, అంటే హార్న్, పెడితే గాలి మీద పట్టు దొరికి, అదే పవర్‌తో ఎన్నో రెట్లు శబ్దం వస్తుంది. మామూలు స్పీకర్ ఒక వాట్‌కి, ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. అమెరికా కంపెనీ క్లిప్ష్ చేసే క్లిప్‌షార్న్ అనే హార్న్ స్పీకర్‌కి కంపెనీ చెప్పే లెక్క 105. తేడా 18. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కావాలి కాబట్టి, హార్న్ ఒక్క వాట్‌తో చేసే పనికి మామూలు స్పీకర్‌కి 64 వాట్లు పోయాలి. ఆంప్లిఫైయర్ కొనేముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి.

ఇక ఏది కొనాలి? 1946లో వచ్చిన క్లిప్‌షార్న్ మూలలో కూర్చునే స్పీకర్. లోపల మడతపెట్టిన బాస్ హార్న్‌కి మన ఇంటి రెండు గోడలే చివరి భాగం. మూలకి రెండు వైపులా ఖాళీ గోడ లేకపోతే దాని జోలికి పోవద్దు. మా ఇళ్ళల్లో మూల పక్కనే నడవ తలుపు ఉంటుంది, అక్కడే చిక్కు. అదే కంపెనీ 1963 నాటి లా స్కాలాకి మూల అక్కర్లేదు, కానీ లోతైన బాస్ తక్కువ. లోతైన బాస్, అంటే 40 హెర్ట్జ్ శబ్దం, దాని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంత తరంగాన్ని పట్టే హార్న్ నోరు ఏ పెట్టెలోనూ ఇమడదు. వాళ్ళదే 1957 నాటి హెరెసీలో మధ్య స్వరాలిచ్చే మిడ్, పై స్వరాలిచ్చే ట్వీటర్ మాత్రమే హార్న్‌లు, బాస్‌కి మామూలు ఊఫర్ (కింది స్వరాలిచ్చే పెద్ద స్పీకర్). పదడుగుల వెడల్పు గదికి నేను అదే చెబుతాను. ఇంకో అమెరికా కంపెనీ ఆల్టెక్ 1945లో మొదలుపెట్టిన ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ వరుసలోని ఏ7 పేరు చెప్పి అడిగేవాళ్ళు ఎక్కువ. అది సినిమా హాలు కోసం కట్టిన పెట్టె. పదిహేను అంగుళాల ఊఫర్, పైన హార్న్ కలిసి ఒక్క గొంతుగా వినబడాలంటే కనీసం పది పన్నెండు అడుగుల దూరం కావాలి. మా ఇళ్ళల్లో లోతు ఉంది కాబట్టి ఇరుకు గోడ దగ్గర పెట్టి పొడుగ్గా వాయిస్తే బాగానే కుదురుతుంది.

పాతవి కొనేటప్పుడు మల్టీమీటరు, టార్చి పట్టుకెళ్ళండి. 8 ఓమ్‌ల డ్రైవర్ (శబ్దం పుట్టించే యూనిట్) మీటరు మీద 6కి అటూ ఇటూగా, 16 ఓమ్‌లది 11, 12 దగ్గర చూపాలి. కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువుంటే ఒకదాని కాయిల్ ఎప్పుడో మార్చారని అర్థం. మార్చడం నేరం కాదు, కానీ రెండింటికీ ఒకే రకం డయాఫ్రమ్ ఉండాలి. ఊఫర్ అంచు బట్టదో మడతల కాగితానిదో అయితే దశాబ్దాలు నిలుస్తుంది, ఫోమ్ అయితే మన తేమకి పొడిపొడిగా రాలుతుంది. స్వరాలని ఊఫర్‌కీ హార్న్‌లకీ పంచే సర్క్యూట్, క్రాసోవర్‌లో నూనె కారుతున్న పాత కండెన్సర్ కనబడితే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. 1970ల చివరి దాకా చేసిన కొన్నింటిలో పీసీబీ అనే విష రసాయనం ఉండేది. ఒకటిన్నర వోల్టుల సెల్లు ప్లస్‌ని ఊఫర్ ప్లస్‌కీ, మైనస్‌ని మైనస్‌కీ తాకిస్తే కోన్ (ఊఫర్ కాగితపు గిన్నె) బయటికి రావాలి. పాత జేబీఎల్ కంపెనీ ఊఫర్లలో మాత్రం లోపలికి పోతుంది, అది వాళ్ళ పద్ధతి, పాడైనట్టు కాదు. సెల్లుతో ఈ పరీక్ష హార్న్ డ్రైవర్ మీద చేయకండి.

ఇప్పుడు జతకట్టడం, అంటే స్పీకర్‌కి తగిన ఆంప్లిఫైయర్‌ని ఎంచుకోవడం. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. హార్న్ పాటని ఎంత పెంచుతుందో, ఆంప్లిఫైయర్ ‘హమ్’ (గుయ్యిమనే మోత)నీ ‘హిస్’ (బుస్సుమనే శబ్దం)నీ అంతే పెంచుతుంది. మామూలు బాక్సులో ఎవరికీ వినబడని గురగుర, హార్న్‌లో పది అడుగుల దూరం నుంచి వినబడుతుంది. అందుకని పాట పెట్టకుండా, వాల్యూమ్ సున్నా చేసి, రాత్రి ఫ్యాను ఆపి కూర్చునే చోట నుంచి వినండి. ఆ పరీక్ష నెగ్గితేనే పాట సంగతి. 2ఏ3 వాల్వ్ ఒక్కటి మూడున్నర వాట్లు, 300బీ ఒక్కటి ఎనిమిది వాట్లు ఇస్తుంది. ఇంటికి రెండూ చాలు. కానీ ఈ వాల్వ్‌ల లోపలి వేడి తీగ, ఫిలమెంట్‌ని ఏసీతో వేడిచేస్తే 105 డెసిబెల్ హార్న్‌లో హమ్ దాచడం కష్టం, డీసీ సప్లై ఉన్నది చూసుకోండి. వంద వాట్ల మామూలు ఆంప్లిఫైయర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) ఎక్కువ కాబట్టి వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పేసరికే ఇల్లు మోగిపోతుంది. నాబ్ అంత తక్కువ మీద ఉన్నప్పుడు కుడి ఎడమ చానళ్ళు సమానంగా ఉండవు, గొంతు ఒక పక్కకి జరిగిపోతుంది. ఇన్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లతో సిగ్నల్ తగ్గిస్తే ఖర్చు లేకుండా సర్దుకుంటుంది.

పాత ఆల్టెక్‌లు చాలావరకు 16 ఓమ్‌లవి, ఆంప్లిఫైయర్ వెనక 16 ఓమ్‌ల స్పీకర్ తగిలించే ట్యాప్ ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి తెచ్చిన 117 వోల్టుల ఆంప్లిఫైయర్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 60 హెర్ట్జ్ కోసం చుట్టినది మన 50లో ఎక్కువ వేడెక్కుతుంది, గంట తర్వాత చెయ్యి పెట్టి చూడండి. హమ్ పోవట్లేదని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వాల్వ్ ఆంప్లిఫైయర్ లోపల మూడు నాలుగు వందల వోల్టులు తిరుగుతుంటాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ సరిచేయించండి, సగం హమ్ అక్కడే పోతుంది.

మా ఊరికి గోపాలపూర్ సముద్రం దగ్గర. ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చబడతాయి, ఏడాదికోసారి విప్పి తుడవాలి. ఎలుకలు బాస్ హార్న్ నోట్లో గూడు కట్టి కోన్ కొరికేస్తాయి, సన్న జాలీ బిగించాలి. చెదలకి భయపడి నేను పెట్టెల కింద గ్రానైట్ ముక్కలు పెడతాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తర్వాత తడిసిన పెట్టెలు నా దగ్గరికి వచ్చాయి. ప్లైవుడ్‌వి ఆరాక నిలబడ్డాయి, పార్టికల్ బోర్డువి ఉబ్బి ఊడిపోయాయి. ఈ తీరంలో ఉండేవాళ్ళు ప్లైవుడ్‌దే కొనండి.

అమ్మేటప్పుడు నా నియమం ఒక్కటే, సెట్టు విడదీయను. డ్రైవర్లకీ హార్న్‌లకీ విడివిడిగా ఎక్కువ ధర వస్తుంది, అది నిజం. "భాయినా (అన్నయ్యా), డ్రైవర్లు మాత్రం ఇవ్వండి, పెట్టెలు మీ దగ్గరే ఉంచుకోండి" అని అడిగేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఇన్నేళ్ళు కలిసి మోగిన జతని ముక్కలు చేస్తే మళ్ళీ ఎవరూ కలపలేరు, అందుకే ఇవ్వను.

ఫోన్‌లో తీసిన పాట వీడియోతో స్పీకర్ గొంతు తెలియదు. దాని బదులు మీటరు రీడింగులు, సీరియల్ నంబర్లు, తెరిచిన క్రాసోవర్, ఊఫర్ అంచుల ఫొటోలు పంపండి. ఏది మార్చారో, ఏది కంపెనీదో రాసి ఇవ్వండి. వీలైతే కొనేవాళ్ళని సొంత ఆంప్లిఫైయర్‌తో రమ్మనండి. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా వాళ్ళు నేరుగా రైలెక్కి బరంపురం రావచ్చు, వచ్చి వింటారు.

పంపేటప్పుడు హార్న్ నుంచి డ్రైవర్ విప్పి వేరే పెట్టెలో పెట్టండి. హార్న్‌కి తగిలే దాని గొంతు రంధ్రానికి వెంటనే టేపు వేయండి. ఇనుప రజను ఒక్క నలుసు అయస్కాంతం సందులోకి పోయిందంటే గరగర మొదలవుతుంది. పెద్ద పెట్టె ఒక్కోటి యాభై కిలోలు దాటుతుంది కాబట్టి చెక్క క్రేటు కట్టించండి. జూన్ నుంచి అక్టోబరు దాకా లారీకి ఎక్కించకండి. సరుకు చేరాక, ఆంప్లిఫైయర్‌కి తగిలించేముందే మీటరు పెట్టి మీరు పంపిన రీడింగులతో సరిచూసుకోమని కొన్నవాళ్ళకి చెప్పండి.