జింకను గుర్తుపట్టడం, 5వ పాఠం: కొనలు లెక్కపెట్టింది చాలు

పోయిన పాఠంలో మూడు ఫొటోలు పెట్టి, ఏ మగ దుప్పికి ఎంత వయసో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే: "కొమ్ములకు ఆరు కొనలున్నాయి సార్, ఆరేళ్లు." ఒకాయన మూడు ఫొటోలకూ ఆరేళ్లని రాసి, "మూడూ ఒకే కాన్పువా సార్?" అని అడిగారు. తప్పు సగం నాది. ముందు కొనలు లెక్కపెట్టండి అని రాసి, ఎందుకో చెప్పకుండా వదిలేశాను. ఈసారి కొమ్ములు ఏటేటా ఎందుకు మారతాయో చెబుదామనుకున్నా, ముందు ఈ ముడి విప్పక తప్పదు.

చుక్కల దుప్పికి కొమ్ముకు మూడే కొనలు. కంటి పైనుంచి ముందుకు వంగేది ఒకటి, పైన చీలేవి రెండు. రెండు కొమ్ములకు కలిపి ఆరు. కణుజు, అంటే సాంబార్‌కూ అంతే. కుర్ర మగదానికి మొదటిసారి వచ్చేవి చీలిక లేని ఉత్త పుల్లలు. ఆ దశ దాటాక నిండు వయసులోనూ ఆరే, ముసలితనంలోనూ ఆరే. అప్పుడప్పుడు ఒక కొన అదనంగా మొలుస్తుంది. దాన్ని చూసి ఏడేళ్లు అనకండి. విదేశీ వేట వీడియోల్లో "పది పాయింట్ల జింక" అని వినపడుతుంది చూడండి, అక్కడి తెల్లతోక జింకకు కూడా ఆ లెక్కతో వయసు తేలదు. ఈ ఏడు ఎకరానికి ఎన్ని క్వింటాళ్ల పత్తి వచ్చిందో చూసి రైతు వయసెంతో చెబుతామా? ఇదీ అంతే. కొమ్ము ఏ ఏటికాఏడు పండే పంట.

కృష్ణజింక, మనుబోతు (నీల్‌గాయ్) కొమ్ములు రాలవు, దుప్పివి రాలతాయి. మొదటి పాఠంలో అయిపోయిన ముచ్చట, మళ్లీ చెప్పను.

ఇక పంట సంగతి. నుదుటి ఎముక మీది దిమ్మ నుంచి కొమ్ము మొలుస్తుంది. పెరిగినన్నాళ్లూ దాని మీద మఖమల్ లాంటి నూగు చర్మం ఉంటుంది, నెత్తురు అందించేది అదే. మగ హార్మోన్ పెరిగితే కొమ్ము గట్టిపడి మఖమల్ ఊడుతుంది, తగ్గితే కొమ్మే రాలుతుంది. పెరిగే రోజుల్లో మాంసకృత్తులు కావాలి. గట్టిపడేటప్పుడు కాల్షియం, ఫాస్ఫరస్ కావాలి. అంత సున్నం తిండిలో ఒక్కసారిగా దొరకదు. అందుకని జింక తన పక్కటెముకల్లోంచి అప్పు తీసుకుని, తర్వాత మేతతో తీర్చుకుంటుంది. గడ్డి ముందే ఎండిపోయిన ఏడాది కొమ్ము సన్నగా, పొట్టిగా రావచ్చు. మరుసటి ఏడు మేత బాగుంటే మళ్లీ పెద్దదవుతుంది. వయసు ప్రభావమూ ఉంది. ఒళ్లు పెరిగేదాకా కొమ్ముకు మిగిలేది తక్కువ, నడివయసులో మందంగా వస్తుంది, ముసలయ్యాక తగ్గుతుంది. తండ్రి పోలిక, కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండి కూడా లెక్కలోకి వస్తాయి.

చలి దేశాల్లో పగటి పొడవును బట్టి మగవన్నీ దాదాపు ఒకేసారి కొమ్ములు రాలుస్తాయి. మన దుప్పి అలా కాదు, దేని క్యాలెండర్ దానిది. ఎండాకాలంలో గట్టి కొమ్ములవి ఎక్కువ కనిపిస్తాయి, నిజమే. కానీ అదే గుంపులో మఖమల్‌తో ఒకటి, బోడితలతో ఒకటి ఉండొచ్చు. కాబట్టి "పోయినేడు వానల్లేవు, అందుకే చిన్నవి" అని గుంపు మొత్తానికి ఒకే ముక్క రాసేయొద్దు. ఏ మగదానికి ఏ నెలలో మఖమల్ ఉందో విడివిడిగా రాయండి.

దెబ్బల సంగతికి నా నోటుబుక్కే సాక్ష్యం. పాకాల అడవి దారిలో ఒక ఏడాది ఫొటో తీసిన మగదానికి రెండు కొమ్ములూ చక్కగా ఉన్నాయి. మరుసటి ఏడు అదే చోట కుడి వెనక కాలు ఈడుస్తున్న ఒకటి దొరికింది. దాని ఎడమ కొమ్ము వంకరగా, పైన చీలిక లేకుండా మొద్దులా ఉంది. వేరే జింక అని రాసుకున్నాను. ఏడాది తర్వాత ఫొటోలు పక్కపక్కన పెడితే, కుడి భుజం వెనక త్రిశూలంలా ఉన్న మూడు చుక్కలు రెండింట్లోనూ ఒకటే! వెనక కాలికి దెబ్బ తగిలితే రెండో వైపు కొమ్ము వంకరపోవడం జింకల్లో తెలిసిన సంగతే, నాకే వెలగలేదు. మఖమల్ మీద తగిలిన దెబ్బ సాధారణంగా ఆ ఏటితో పోతుంది. దిమ్మకే తగిలితే ఏటా అదే వంకర వస్తుంది.

అందుకే నేను కొమ్ముతో జింకను గుర్తుపట్టను. కొమ్ము మారుతుంది, చుక్కలు మారవు. ముందు భుజం చుక్కలు గీసుకుంటాను, తర్వాతే తల వైపు చూస్తాను. కొమ్ము పొడవును జింక చెవితో కొలుస్తాను: "రెండున్నర చెవులు", "నాలుగు చెవులు". సెంటీమీటర్లు రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, టేపు ఎవరు పట్టారని? వయసుకు మాత్రం దిమ్మ చూడండి. ఏటా కొమ్ము రాలేకొద్దీ అది పొట్టిగా, లావుగా అవుతుంది. కొమ్ము తలలోంచే మొలిచినట్టు కనిపిస్తే పెద్ద వయసుదే.

అభ్యాసం: హనుమకొండ హంటర్ రోడ్డు జూకు వెళ్లి ఒక్క మగ దుప్పిని ఎంచుకోండి. మేత రోజూ వేస్తారు కాబట్టి అక్కడ కరువు సాకు పనికిరాదు. రెండు వారాలకోసారి, ఏడాది పొడవునా, చుక్కలు ఒకసారి, కొమ్ము ప్రతిసారీ గీయాలి. కొమ్ము బొమ్మలే 26. ఎక్కువే, తెలుసు. అడవిలో రాలిన కొమ్ము దొరికితే ఫొటో తీసి అక్కడే వదిలేయండి. ఇంటికి తెస్తే అటవీశాఖ కేసు, పైగా సున్నం కోసం దాన్ని కొరికే ముళ్లపంది నోటి దగ్గరది లాక్కున్నట్టే.

పాత మూడు ఫొటోలకు మళ్లీ జవాబు పంపండి, ఈసారి దిమ్మ చూసి. రెండోదాన్ని కాస్త జూమ్ చేసి చూడండి.