గేర్‌బాక్స్ రీబిల్డ్ తర్వాత బండిలో వణుకు: టార్క్ కన్వర్టర్ లోపాన్ని గుర్తించే క్రమం

లక్షణం

ఆటోమేటిక్ పికప్ ట్రక్కుకు గేర్‌బాక్స్ రీబిల్డ్ (విప్పి, అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించడం) చేయించాక, కర్నూలు నుంచి అనంతపురం వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పుడు, టోల్‌గేటు ముందు వేసే అడ్డగీతల మీద చక్రాలు దొర్లినట్టు బండి రెండు మూడు సెకన్లు అదిరి మళ్లీ సర్దుకుంటే, ముందుగా అనుమానించవలసింది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ ఉండే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్‌ను. యాక్సిలరేటర్‌ను కొద్దిగా మాత్రమే నొక్కి ఉంచినప్పుడు, ముఖ్యంగా స్వల్పమైన ఎత్తు ఎక్కేటప్పుడు ఇది బయటపడుతుంది. గేర్‌బాక్సు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చాలా బళ్లలో అసలు కనిపించదు. మధ్యాహ్నం ఎండలో వణికిన బండి మరునాడు పొద్దున్నే షెడ్డులో నున్నగా నడుస్తుంది కాబట్టి, ఆయిల్ పూర్తిగా వేడెక్కిన తర్వాత చేసిన పరీక్షకే విలువ ఉంటుంది.

ఇంజను శక్తి కన్వర్టర్‌లో మామూలుగా ఆయిల్ ద్వారానే గేర్‌బాక్సుకు చేరుతుంది. వేగం నిలకడపడ్డాక లాకప్ క్లచ్ పట్టుకుని ఇంజనును గేర్‌బాక్సు షాఫ్టుతో నేరుగా కలుపుతుంది. ఆ క్లచ్ లైనింగ్ (పట్టునిచ్చే పొర) గట్టిగా పట్టకుండా, పూర్తిగా వదలకుండా, పట్టుతూ జారుతూ ఉండడమే ఈ వణుకు.

లాకప్ వల్లనా, మరొకదాని వల్లనా?

వణుకు వస్తున్న సమయంలోనే, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకు పట్టనంత తేలికగా, వెనక ఎర్రలైటు వెలిగేంత వరకే తాకించాలి. వెనక వాహనాలు లేని చోట, సీటుబెల్టు పెట్టుకుని ఈ పరీక్ష చేయాలి. బ్రేకు స్విచ్ అందిన వెంటనే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. ఇంజను వేగం కొద్దిగా పెరిగి, వణుకు అక్కడికక్కడే ఆగిపోతే అనుమానం బలపడుతుంది. బలపడుతుందే గాని రుజువు కాదు. ఇంజను మిస్సింగ్ (ఒక సిలిండరు సరిగా మండకపోవడం) ఉన్నా లాకప్ వదలగానే ఆ కుదుపును కన్వర్టర్‌లోని ఆయిల్ మింగేస్తుంది కనుక, అదీ ఆగిపోయినట్టే అనిపిస్తుంది. ఒక్క ఇంజెక్టర్ లోపానికి గేర్‌బాక్సును మళ్లీ దింపిన సందర్భాలు ఈ పొరపాటు వల్లే జరుగుతాయి.

అందుకే బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ తప్పనిసరి. ఇంజను వేగం, టర్బైన్ (కన్వర్టర్ నుంచి గేర్‌బాక్సుకు శక్తినిచ్చే భాగం) వేగం, లాకప్ స్లిప్ (ఆ రెండు వేగాల తేడా), ఆయిల్ వేడి, ఈ నాలుగింటినీ ఒకే తెర మీద పెట్టి, పక్కన కూర్చున్న మనిషి చూస్తుండగా బండి నడపాలి. లాకప్ పూర్తిగా పట్టిన స్థితిలో స్లిప్ దాదాపు సున్నా ఉండాలి. కొన్ని బళ్లలో కావాలనే కొద్దిపాటి జారుడు ఉంచుతారు, అప్పుడు ఆ అంకె చిన్నదిగా, నిలకడగా ఉంటుంది. వణుకుతో పాటు స్లిప్ పైకీ కిందికీ ఊగితే లోపం లాకప్‌లోనే ఉంది. స్లిప్ కదలకుండా బండి మాత్రం అదురుతుంటే ఇంజెక్టర్లను, ఇంజను మౌంటింగులను, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను, సెంటర్ బేరింగును చూడాలి. షాఫ్టు అదురు గేరుతో సంబంధం లేకుండా బండి వేగాన్ని బట్టి వస్తుంది, న్యూట్రల్‌లో వదిలినా ఆ వేగం దగ్గర ఉండనే ఉంటుంది. లాకప్ లోపానికి తరచుగా వచ్చే కోడ్ పీ0741. అయితే వణుకు మొదలైన చాలా కాలానికి గాని అది రాకపోవచ్చు కనుక, కోడ్ లేదన్న కారణంతో లోపం లేదనుకోరాదు. బ్రేకు తొక్కి ఇంజనును రేజ్ చేసే స్టాల్ పరీక్ష ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ సమయంలో లాకప్ పట్టదు.

కారణం: ఆయిల్

రీబిల్డ్ చేసినవారు ఏ ఆయిల్ పోశారో బిల్లులో చూడండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) అన్న పేరున్న ప్రతి ఎర్ర ఆయిలూ ఒకటి కాదు. లైనింగ్ ఎంత మెత్తగా పట్టాలో నిర్ణయించే రసాయనాలు ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి. తయారీదారు చెప్పిన రకం కాకపోతే కొత్త క్లచ్ కూడా వణుకుతుంది. రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి కాసేపు ఉంచితే, మంచి ఆయిల్ ఎర్రగా సమంగా పాకుతుంది, కాలిన ఆయిల్ నడుమ గోధుమరంగు మచ్చను, నల్లటి నలుసులను వదిలి మాడు వాసన వేస్తుంది.

గులాబీ రంగు నురుగు కనిపిస్తే బండిని అక్కడితో ఆపాలి. రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ పగిలి నీళ్లు గేర్‌బాక్సులోకి వచ్చాయని దాని అర్థం. మన జిల్లాల్లో కూలెంటుకు బదులు ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే అలవాటుంది. దానివల్ల లోపల పొర కట్టి, లోహం తినేసి, కూలర్ చిల్లు పడుతుంది. కాగితపు లైనింగ్ నీళ్లు పీల్చుకుంటే జిగురు వదిలేస్తుంది. ఇక్కడ ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు. రేడియేటర్, కన్వర్టర్, క్లచ్ ప్లేట్లు మూడూ మార్చవలసిందే. మొదటి గేర్‌బాక్స్ చెడింది ఇందుకే అయి, రేడియేటర్ పాతదే ఉంచి ఉంటే, రీబిల్డ్ కూడా అదే దారి పడుతుంది.

కారణం: రీబిల్డ్‌లో మిగిలిపోయినవి

గేర్‌బాక్సు విప్పి బిగించినప్పుడు కన్వర్టర్ కూడా మార్చారా అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న. అది వెల్డింగు చేసి మూసిన డబ్బా. కోసి తెరవకుండా లోపలి లైనింగు అరుగుదల చూడడం గాని, ఇరుక్కున్న లోహపు పొడిని పూర్తిగా తీయడం గాని సాధ్యం కాదు. ఆయిల్ వంపేసి పాత కన్వర్టర్‌నే బిగించారంటే, నా దృష్టిలో వణుక్కి మొదటి ముద్దాయి అదే. దానితో పాటు కూలర్, పైపులు కడగకపోతే పాత పొడి మళ్లీ లోపలికే వస్తుంది.

కన్వర్టర్ కొత్తదైతే, లాకప్‌కు అందే ఒత్తిడిని అనుమానించాలి. ఇన్‌పుట్ షాఫ్టు కొసన ఉండే చిన్న ఓ-రింగు బిగించేటప్పుడు తెగినా, ఆయిల్ ఒత్తిడిని నియంత్రించే వాల్వ్ బాడీలో లాకప్ వాల్వ్ కూర్చునే రంధ్రం అరిగినా, కరెంటుతో పనిచేసే వాల్వ్ అయిన సోలినాయిడ్ పొడితో మందగించినా ఒత్తిడి కారిపోయి క్లచ్ జారుతుంది. పాత గేర్‌బాక్సు అరుగుదలకు అలవాటుపడిన అంకెలు కంప్యూటర్‌లో అలాగే ఉన్నా పట్టు తప్పుతుంది.

పరిష్కారం

చవకైన దానితో మొదలుపెట్టాలి. తయారీదారు చెప్పిన వేడి దగ్గర ఆయిల్ మట్టం సరిచూసి, రకం తప్పైతే మార్చాలి. పాన్ (గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ తట్ట) విప్పి వదిలితే సగానికి మించి రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటుంది. కూలర్ పైపుల ద్వారా మార్చాలి, లేదా మధ్యలో బండి నడుపుతూ మళ్లీ మళ్లీ వదలాలి. తర్వాత స్కానర్‌తో అడాప్టేషన్ (కంప్యూటర్ అలవాటుపడిన ఆ అంకెలు) చెరిపి, తయారీదారు చెప్పిన పద్ధతిలో నడిపి కొత్తగా నేర్పించాలి. వణుకు తగ్గిస్తామనే సీసా మందును కారణం తేలకముందే పోయించకండి. లైనింగు అరిగి ఉంటే అది కొంతకాలం వణుకును కప్పిపెడుతుంది, ఆలోగా షెడ్డు ఇచ్చిన వారంటీ గడిచిపోతుంది.

ఆ తర్వాత సోలినాయిడ్, వాల్వ్ బాడీ. ఇవి చాలా గేర్‌బాక్సుల్లో దింపకుండానే అందుతాయి. అక్కడా తేలకపోతే గేర్‌బాక్సు దింపి కన్వర్టర్, ఓ-రింగు మార్చాలి. కొత్త కన్వర్టర్‌లో కొంత ఆయిల్ పోసి, తిప్పుతూ పంపులోకి చివరిదాకా దిగేలా కూర్చోబెట్టాలి. గేర్‌బాక్సు ఇంజనుకు ఆనిన తర్వాత, బోల్టులు వేయకముందు కన్వర్టర్‌కూ ఇంజను వైపు పళ్లెమైన ఫ్లెక్స్ ప్లేటుకూ నడుమ కొద్ది సందు ఉండాలి. సందు లేకుండా బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది.

పని పూర్తయ్యాక, కడప నుంచి రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటును మామూలుగా మోసే చీనీకాయల బరువుతోనే ఎక్కించి ఆయిల్ వేడెక్కనివ్వండి. పైన చదునైన రోడ్డు రాగానే వేగం నిలకడ చేసి, స్లిప్ అంకెనూ ఆయిల్ వేడినీ మళ్లీ చూసి, ఆ రెండింటినీ రీబిల్డ్ బిల్లు వెనక తేదీతో సహా రాయించి, షెడ్డు యజమాని సంతకం తీసుకోండి.