చిత్రహింస పెట్టిన ప్రభుత్వాన్ని అంతర్జాతీయ కోర్టుకు లాగాలంటే

అన్నిటికంటే ముందు గాయాలు మానకముందే రికార్డు చేయించండి. ఏ కోర్టు అన్నది తర్వాత చూసుకోవచ్చు, కమిలిన మచ్చ మాత్రం కొద్ది రోజుల్లోనే రంగు మారి మాయమైపోతుంది. గాయం పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒక ఫొటో, ముఖం కనిపించేలా ఇంకోటి తీసి తేదీ రాయండి. డాక్టర్‌ని ఇస్తాంబుల్ ప్రొటోకాల్ (చిత్రహింస ఆనవాళ్లను ఎలా నమోదు చేయాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు) ప్రకారం రిపోర్టు ఇవ్వమని అడగండి. 1999 నాటి ఆ మార్గదర్శకాలను 2022లో సవరించారు. గాయం పొడవు, రంగు, ఒంటి మీద ఎక్కడుందో బొమ్మపై గుర్తు, బాధితుడు చెప్పినదానికీ గాయానికీ ఎంత పొంతన ఉంది, నిద్ర పడుతోందా, ఉలిక్కిపడుతున్నారా, ఇవన్నీ అందులోకి రావాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఆరోగ్యంగా కస్టడీలోకి వెళ్లిన మనిషి దెబ్బలతో బయటికొస్తే, అవి ఎలా తగిలాయో ప్రభుత్వమే సంజాయిషీ చెప్పుకోవాలి. 1999లో సెల్మౌని కేసులో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు ఈ సూత్రంతోనే ఫ్రాన్స్‌ను తప్పుబట్టి, జరిగింది చిత్రహింసేనని తేల్చింది.

తర్వాత మీ దేశంలోని కోర్టులన్నీ తిరగాలి. విసుగే, కానీ తప్పదు. అక్కడ న్యాయం దొరికే అవకాశమే లేదని, లేదా కేసును అన్యాయంగా సాగదీస్తున్నారని చూపించగలిగితే మినహాయింపు ఉంటుంది, దానికీ కాగితాలే ఆధారం. ఫిర్యాదు తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఇక ఎక్కడికి వెళ్లాలి? హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విచారించేది వ్యక్తులను, ప్రభుత్వాలను కాదు. అదే ఊళ్లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేయగలిగేది దేశాలే. 2023లో సిరియా మీద కెనడా, నెదర్లాండ్స్ అలాగే వేశాయి. యూరప్ దేశాల మీదైతే స్ట్రాస్‌బర్గ్ కోర్టుకు మాత్రం బాధితులే నేరుగా వెళ్లొచ్చు, ఫీజు లేదు, కానీ దేశంలో చివరి తీర్పు వచ్చాక నాలుగు నెలలే గడువు (2022కు ముందు ఆరు). వాళ్ల ఫారంలో ఒక్క గడి ఖాళీ వదిలినా తిప్పి పంపేయొచ్చు, గడువు మాత్రం ఆగదు, కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. అమెరికా ఖండాల్లో ముందు వాషింగ్టన్‌లోని అంతర అమెరికా మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలి, గడువు ఆరు నెలలు.

ఈ ప్రాంతీయ కోర్టులు లేనివాళ్లకు జెనీవాలోని ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక కమిటీ ఉంది. అయితే మీ దేశం ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒప్పందంలోని, వ్యక్తులు ఫిర్యాదు చేసుకోనిచ్చే 22వ అధికరణాన్ని ఒప్పుకుని ఉండాలి, ఆ సంగతి మొదటే చూసుకోండి. అదే ఫిర్యాదును ఇంకో అంతర్జాతీయ సంస్థ పరిశీలించి ఉంటే కమిటీ తీసుకోదు, అందుకని తొందరపడి రెండు చోట్లా వేయకండి.