డానాంగ్‌లో స్కూటర్ అద్దెకు తీసుకునే ముందు

వియత్నాంకు 90 రోజుల ఈ-వీసా తీసుకుని, డానాంగ్‌లోనో హోయ్ ఆన్‌లోనో సముద్రం పక్కన హాయిగా ఉండి పని చేసుకుందామనుకుంటున్నారా? ఒక్క విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లదు. మనది 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చినవాటిని.

అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఇదేమీ అడగరు, డబ్బు తీసుకుని తాళం చేతిలో పెడతారు. అందరూ నడుపుతున్నారు కదా అనిపిస్తుంది. పోలీసులు ఆపితే జరిమానా పడుతుంది. అసలు భయం యాక్సిడెంట్ గురించే. చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపితే చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు పైసా ఇవ్వవు. ఆపరేషన్ ఖర్చంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

బండి లేకపోయినా రోజులు బాగానే గడుస్తాయి. డానాంగ్‌లో గ్రాబ్ యాప్‌లో బైక్ పిలిస్తే చాలు. హోయ్ ఆన్ పాత ఊరి నుంచి ఆన్ బాంగ్ బీచ్ నాలుగైదు కిలోమీటర్లే, దారంతా చదును, పొలాల మధ్య సైకిల్ మీద వెళ్లడం ఎంతో బాగుంటుంది. హై వాన్ ఘాట్ రోడ్డు చూడాలంటే స్థానికుడు నడిపే బైక్ వెనక కూర్చుని వెళ్లండి, హెల్మెట్ మాత్రం అడిగి పెట్టుకోండి.

ఇంకోటి, సైకిల్‌కైనా సరే పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టకండి. జిరాక్స్ కాపీ, కొంత అడ్వాన్స్ ఇస్తామనండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకు వెళ్లండి.