నౌరు పార్లమెంటులో స్పీకర్ కావాలంటే

ముందు ఎంపీగా గెలవాలి. నౌరు పసిఫిక్ సముద్రంలోని ఓ చిన్న దీవి దేశం. పక్కనున్న మరో దీవుల దేశం కిరిబాటిలో స్పీకర్ సభ్యుడై ఉండకూడదు, నౌరులో మాత్రం సభ్యుడే కావాలి. 20 ఏళ్లు నిండిన పౌరులు పోటీ చేయొచ్చు. ప్రభుత్వోద్యోగంలో ఉంటే అది వదులుకోవాల్సిందే.

8 నియోజకవర్గాలు, 19 సీట్లు. పార్టీలు పేరుకే. ఓటరు బ్యాలెట్‌ మీద అభ్యర్థులందరికీ వరుసగా నంబర్లు వేయాలి. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో దానికి 0.5, మూడో దానికి 0.333, ఇలా తగ్గుతుంది. ఇద్దరు మిమ్మల్ని రెండో స్థానంలో పెడితే, ఒకరు మొదటి స్థానం ఇచ్చినట్టే. కాబట్టి ప్రత్యర్థి చుట్టాల గడప కూడా తొక్కండి. అక్కడ మొదటి నంబరు అడిగితే మొహం మాడుతుంది, రెండోది అడగండి.

అసలు చిక్కు సభ మొదటిరోజే. స్పీకర్‌ని ఎన్నుకోనిదే మరే పనీ జరగదు, అధ్యక్షుడి ఎన్నికతో సహా. స్పీకర్‌కి ఓటు ఉండదు, ఓట్లు సమానమైతేనే వేయాలి. మన లోక్‌సభలోనూ అంతే, కానీ 543 మందిలో ఒక ఓటు పోతే ఎవరికీ పట్టదు. 2010 ఏప్రిల్‌లో నౌరు సభ 9–9గా చీలింది. ఏ వర్గం తన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినా 8 మందికి పడిపోతుంది. జూన్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టినా ముడి వీడలేదు. చివరికి నవంబరు 1న మాజీ అధ్యక్షుడు లుడ్విగ్ స్కాటీ స్పీకరయ్యాకే దారి దొరికింది. 2013లో మెనెంగ్ నియోజకవర్గానికి మూడో సీటిచ్చి 18ని 19 చేసింది ఇందుకే. మీ వర్గానికి 10 మంది ఉంటే, మీరు కుర్చీ ఎక్కినా 9–9, పైగా నిర్ణాయక ఓటు మీదే. 9 మందే ఉంటే ఒప్పుకోకండి, మీ వాళ్లే తిట్టుకుంటారు.

కుర్చీ ఎక్కాక బిల్లు సభలో నెగ్గిందని మీరు ధ్రువీకరించిన రోజే అది చట్టం. ఇంత అధికారం చేతిలో ఉంటే తొందరపడాలనిపిస్తుంది. 2008 మార్చిలో అప్పటి స్పీకర్ డేవిడ్ అడియాంగ్ ఈస్టర్ సెలవుల్లో, ప్రభుత్వ పక్షం లేకుండా సభ నడిపించారు. కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) లేదని, అక్కడ నెగ్గించిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. తలలు లెక్కపెట్టకుండా బిల్లు ఓటింగ్‌కి పెట్టొద్దు. అడియాంగ్ రాజకీయ జీవితం మాత్రం అక్కడితో ఆగలేదు, 2023లో అధ్యక్షుడయ్యారు. మార్కస్ స్టీఫెన్‌ది తలకిందులు: వెయిట్‌లిఫ్టర్, ఆపైన అధ్యక్షుడు, 2019లో స్పీకర్.

మంత్రి పదవి తీసుకుంటే స్పీకర్ కుర్చీ పోతుంది. రాజీనామా చేయాలంటే సంతకం పెట్టిన లేఖ పార్లమెంటు క్లర్కుకి ఇవ్వాలి.