తెలుగు పాఠాన్ని పరీక్ష కోసమే కాకుండా చదవడం ఎలా

పదో తరగతిలో తెలుగంటే చాలామందికి టెన్షన్ లేని సబ్జెక్టు. పరీక్ష దగ్గరపడ్డాక గైడ్ తెరిచి ప్రతిపదార్థాలు, కవి పరిచయాలు బట్టీ పట్టి, ఏ ప్రశ్నకైనా సరిపోయే నాలుగు పేరాలు సిద్ధం చేసుకుంటే మార్కులు వచ్చేస్తాయి. వస్తాయి కూడా, అందులో అబద్ధం లేదు. కానీ ఎదుటి మనిషి ఎందుకలా ప్రవర్తించాడో కూర్చుని ఆలోచించే అవకాశం బళ్లో ఆ ఒక్క పీరియడ్‌లోనే ఎక్కువగా దొరుకుతుంది, దాన్ని గైడ్‌కి అప్పగించేస్తున్నాం.

అందుకని మొదటి రోజు గైడ్ తెరవకండి. భావం ముందే చదివేస్తే పద్యంలో మీకు అదే కనిపిస్తుంది, ఇంకేమీ కనిపించదు. పద్యాన్ని పైకి చదవండి, తెలియని మాటలకి పుస్తకం వెనక ఉన్న అర్థాలు చూడండి, అప్పటికీ సగమే అర్థమైందా, పర్వాలేదు. ఆ సగంతోనే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు, అతనికి ఏం కావాలి, ఎవరి మాట మనకి వినిపించడం లేదు?

శ్రీనాథుడి కాశీఖండంలోని ‘భిక్ష’ పాఠమే తీసుకోండి, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ పదో తరగతి పిల్లలు చదివిందే. వ్యాసుడంతటివాడు కాశీలో ఇంటింటికీ తిరిగినా భిక్ష దొరకదు. శిష్యులూ పస్తే. రెండో రోజూ అంతే అయ్యేసరికి కోపం పట్టలేక ఊరినే శపించబోతాడు. అప్పుడు మామూలు ఇల్లాలి రూపంలో పార్వతి వచ్చి ముందు గట్టిగా చీవాట్లు పెడుతుంది, పిడికెడు గింజలతో, ఆకులతో, దుంపలతో కాలం గడుపుతున్న తాపసులు నీకన్నా తెలివితక్కువవాళ్లా అని. ఆ తర్వాతే భోజనానికి పిలుస్తుంది.

గైడ్‌లో దీనికి ‘కోపం తగదు’ అని ఉంటుంది. సరే, ఉండనివ్వండి. మీరు మాత్రం అక్కడే ఆగకండి. వేదాలు విభజించిన మనిషే ఆకలికి అలా అయిపోతే, ఖాళీ కడుపుతో బడికొచ్చి చిరాకుపడే పిల్లాణ్ణి మనం ఏమంటున్నాం? మధ్యాహ్న భోజనం పథకం గురించి సోషల్ పాఠంలో చదివినప్పుడు ఈ పాఠం గుర్తొచ్చిందా? ఆవిడ ముందు తిట్టి తర్వాత పిలవడం బాగుందా, ముందు అన్నం పెట్టి తర్వాత తిట్టాల్సిందా? నా ఓటు అన్నానికే, మా ఇంట్లో మాత్రం దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

ఇలా రెండు వైపులా బలం ఉన్న పాఠం దొరికితే వదలొద్దు. పోతన భాగవతంలో వామనుడు వచ్చిన ఘట్టం అలాంటిదే, తెలంగాణ పదో తరగతిలో ‘దానశీలం’ పేరుతో పెట్టారు. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు గుర్తుపట్టి, అడిగిన దానం ఇవ్వొద్దని శిష్యుడు బలి చక్రవర్తికి చెబుతాడు, ప్రాణం మీదికి, ఆస్తి మీదికి వచ్చినప్పుడు అబద్ధమాడినా పాపం లేదంటాడు. బలి వినడు. ఎంతోమంది రాజులయ్యారు, పోయేటప్పుడు సంపద మూటగట్టుకుని ఎవరు పోయారు అని అడుగుతాడు. క్లాసుని రెండుగా చేసి సగంమంది శుక్రుడి తరఫున వాదించండి, మీకు బలి ఇష్టమైతే శుక్రుడి వైపే కూర్చోండి. నచ్చని పక్షం కోసం గట్టిగా వాదించి చూస్తేగానీ ఆ పక్షంలో ఎంత నిజముందో తెలియదు. ఇంట్లో నాన్నతో వాదించేటప్పుడు కూడా ఈ అలవాటు పనికొస్తుంది (నాన్న ఓడిపోతారని హామీ ఇవ్వలేను).

ఇక ‘ఎవరి మాట వినిపించడం లేదు’ అన్న ప్రశ్నకి జాషువా ‘గబ్బిలం’కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకి మేఘంతో కబురు పంపుతాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరానివాడని వెలి వేసిన మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? దానికి గుళ్లోకి అడ్డం లేదు, అతనికి ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, సోషల్ పుస్తకంలో అంటరానితనం నిషేధం అని చదివే రాజ్యాంగం 17వ అధికరణ ఉట్టి వాక్యంలా ఉండదు.

పాఠంతో ఒప్పుకోకపోవడం కూడా నేర్చుకోండి. సుమతీ శతకంలో మంచి నీతులున్నాయి, ఆడవాళ్ల గురించి ఇప్పుడు పైకి చదవలేని పద్యాలూ ఉన్నాయి. పాతదని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, విసిరేయనూ అక్కర్లేదు, ఈ మాట నాకెందుకు నచ్చలేదో రెండు వాక్యాలు రాసుకోండి.

రాసుకోవడానికి పెద్ద డైరీ వద్దు, తెలుగు నోట్సు చివరి పేజీలు చాలు. పాఠానికి ముందు ఏమనుకున్నారో ఒక వాక్యం, తర్వాత ఏమనుకుంటున్నారో ఒక వాక్యం. మారకపోతే మారలేదనే రాయండి. ప్రాజెక్టు పని నెట్‌లో కాపీ కొట్టే బదులు పాఠంలోని సంగతి మీద తాతనో, పక్కింటి పెద్దమ్మనో అడిగి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తే టీచరుకీ కొత్తగా ఉంటుంది.

మార్కుల భయం ఉన్నవాళ్లకి ఒక మాట: భావం, ప్రతిపదార్థం మామూలుగానే నేర్చుకోండి, ఇవన్నీ దానికి అడ్డం రావు. ‘మీ అభిప్రాయం రాయండి’ అని అడిగిన చోట మాత్రం నోట్సు చివరి పేజీల్లోది తీసి, మీరు చూసిన ఉదాహరణ ఒకటి పెట్టి రాయండి.