తలుపుకు పెద్ద బెజ్జం కొట్టే ముందు చూసుకోవలసినవి

గృహప్రవేశం దగ్గర పడేసరికి వడ్రంగి పనిలో మిగిలేవి బెజ్జాలే. సింహద్వారానికి రౌండ్ లాక్, వంటింటి కబోర్డులకు ఆటో హింజులు (తలుపులో గుంట తీసి దింపే కబ్జాలు), టేబుల్ మీంచి వైర్లు దిగడానికి ఒక కన్నం. తలుపు బిగించి, మైకా అంటించి, ఒక్కోసారి పాలిష్ కూడా అయ్యాక చేసే పని ఇది. తేడా వస్తే కప్పెట్టడానికి చోటుండదు. గోడకు 6 మి.మీ. బిట్‌తో ప్లగ్గులు కొట్టిన చేతివాటం ఇక్కడ పనికిరాదు సరికదా, ఎదురు తిరుగుతుంది. కింద చెప్పేవన్నీ 25 మి.మీ., అంతకు మించిన బిట్ల గురించి.

ముందు మెషీను వేగం

ఇళ్ళలో ఉండే 10 మి.మీ. డ్రిల్ మెషీన్లు (10 మి.మీ. దాకా బిట్ కాడ పట్టేవి) చాలావరకు నిమిషానికి 2600–2800 చుట్లు తిరుగుతాయి. 2800 చుట్ల మీద 10 మి.మీ. బిట్ అంచు నిమిషానికి సుమారు 88 మీటర్లు పోతుంది. అదే మెషీనుకు లాక్ కోసం 54 మి.మీ. హోల్ సా (అంచున పళ్ళున్న కప్పులాంటి రంపం) తగిలిస్తే పళ్ళు 475 మీటర్ల వేగంతో చెక్కను రాస్తాయి. ఆ వేగానికి పళ్ళు కోయడం మాని కాల్చడం మొదలుపెడతాయి. పొగ వస్తుంది, బెజ్జం గోడ నల్లబడుతుంది, పళ్ళ పదును అక్కడికక్కడే పోతుంది. మెషీనును 500 చుట్లకు దించితే అంచు వేగం 85 మీటర్లకు వస్తుంది, అంటే చిన్న బిట్ నడిచే వేగమే.

టేకు, మద్ది లాంటి గట్టి కలపకు ఫోర్స్ట్‌నర్ బిట్ (అడుగు చదునుగా కోసే గుండ్రటి బిట్) అయితే 25 మి.మీ.కి 800–1000 చుట్లు, 35కి 500–700, 50 దాటితే 300–500 దగ్గర ఉంచండి. ఫ్లాట్ బిట్ (పొడుగు మొన ఉన్న చదును రేకు బిట్) మరీ నెమ్మదిగా తిరిగితే కుదుపుతుంది, 25 మి.మీ.కి వెయ్యి చుట్ల చుట్టూ ఉంటే బాగుంటుంది. బ్యాటరీ డ్రిల్లయితే గేరు 1 మీద పెట్టాలి. గేరు 2 తిరగడానికి బాగానే తిరుగుతుంది కానీ బిట్ చెక్కలో దిగాక బలం చాలక మోటారు వేడెక్కిపోతుంది.

వేగం తగ్గించే వీలు లేని మెషీను ఉంటే దానితో 35 మి.మీ. జోలికి పోవద్దు. గేరు ఉన్న 13 మి.మీ. మెషీను ఒక పూటకు అద్దెకు తెచ్చుకోవడం నయం. ఇంపాక్ట్ డ్రిల్లయితే సుత్తి గుర్తు మీంచి బిట్ గుర్తు మీదికి మీట మార్చారో లేదో చూసుకోండి. సుత్తి దెబ్బల మీద ఫోర్స్ట్‌నర్ బిట్ తిరిగితే అంచు చిట్లుతుంది.

చెయ్యి మెలిపడేది ఎక్కడ

పెద్ద బిట్‌తో దెబ్బలు బిట్ తగలడం వల్లకన్నా మెషీను తిరగబడటం వల్ల ఎక్కువ. బిట్ చెక్కలో పట్టేసి ఆగిపోతే మోటారు ఆగదు, మెషీనే ఎదురు దిక్కుకు తిరుగుతుంది. మణికట్టు దానితో పాటు పోతుంది. ఇలా పట్టేసే చోట్లు ముఖ్యంగా మూడు: బిట్ అవతలివైపు బయటపడే క్షణం, మధ్యలో కణుపు తగిలినప్పుడు, మెషీను పక్కకు ఒరిగినప్పుడు.

పక్క పిడి బిగించకుండా మొదలుపెట్టొద్దు. మోచేతులు ఒంటికి దగ్గరగా, కాళ్ళు ఎడంగా ఉండాలి. స్టూలు మీదో నిచ్చెన మీదో నిలబడి ఈ పని చేయకూడదు, తలుపు దించి పడుకోబెట్టండి. ట్రిగ్గర్ పక్కన ఉండే లాక్ బటన్ నొక్కొద్దు. అది నొక్కి ఉంటే బిట్ పట్టేసినప్పుడు వేలు తీసినా మెషీను ఆగదు. కరెంటు పోయి వచ్చిందంటే కింద పెట్టిన మెషీను దానంతటదే తిరగడం మొదలెడుతుంది. కరెంటు పోగానే ముందు ప్లగ్గు పీకండి.

చేతికి గ్లౌజులు వద్దు. గుడ్డ అంచు బిట్‌కు చుట్టుకుంటే వేలిని లాక్కుపోతుంది. లుంగీ, కండువా, చున్నీ, మెడలో గొలుసు, చేతికి కట్టిన తోరం, జారిన జుట్టు అన్నిటికీ ఇదే ప్రమాదం. కళ్ళజోడు మాత్రం తప్పనిసరి. హోల్ సా వదిలే పొట్టు సన్నగా ఉంటుంది, టేకు పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ముక్కు మండిస్తుంది. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే చేర్చింది. ఒక బెజ్జానికి కాకపోయినా, ఇంట్లో ఇరవై కబోర్డు తలుపులు ఉంటే ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే.

చక్ (బిట్‌ను పట్టే మూతి) తాళంచెవిని మూడు కన్నాల్లోనూ వరసగా పెట్టి బిగించండి. ఒక్క దగ్గరే బిగిస్తే పెద్ద బిట్ కాడ జారి గీతలు పడుతుంది. బిగించాక తాళంచెవి తీశారా లేదా అనేది స్విచ్ వేసే ముందు ఇంకోసారి చూసుకోవలసిన సంగతి.

ఏ పనికి ఏ బిట్

ఆటో హింజుకు ఫోర్స్ట్‌నర్ లేదా అంగళ్ళలో 35 హింజ్ బిట్ అని ఇచ్చేది. అడుగు చదునుగా వస్తుంది, అంచు శుభ్రంగా ఉంటుంది. ఫ్లాట్ బిట్ చవక, వేగం. కానీ దాని మొన చాలా పొడుగు కాబట్టి సగం లోతు బెజ్జాలకు వాడితే తలుపు ముందువైపు మైకా మీద మొన తేలుతుంది. అవతలకు పోయే బెజ్జాలకే అది. 40 దాటి అవతలకు పోయేదానికి హోల్ సా. మర చుట్టు మొన ఉన్న ఆగర్ బిట్ లోతు బెజ్జాలకు మంచిదే కానీ ఆ మొన చెక్కలోకి తనను తాను లాక్కుంటుంది. చేతి బరమాకు అది వరం, వేగంగా తిరిగే మెషీనుకు ప్రమాదం.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సులువుగా దిగుతుందని ముందు 10 మి.మీ. బెజ్జం కొట్టి, తర్వాత ఫ్లాట్ బిట్ పెడతారు. మొనకు పట్టు దొరక్క బిట్ ఊగి, అంచు బద్దలవుతుంది. మొన దిగడానికి మేకుతో చిన్న గుంట కొడితే చాలు.

పేడు లేవకుండా

బిట్ బయటపడే వైపు చెక్కకు వెనక దన్ను లేకపోతే ఆఖరి పొరను బిట్ కోయకుండా తోసేస్తుంది. అందుకే అక్కడ పేడు లేస్తుంది. దీనికి రెండు మార్గాలు. వెనక ఒక పనికిరాని ప్లై ముక్కను సందు లేకుండా సి క్లాంపులతో బిగించడం ఒకటి. చేత్తో ఒత్తి పట్టుకుంటే కుదరదు, బిట్ వచ్చేది ఆ చేతి మీదికే. రెండోది, మొన అవతల కనబడగానే ఆపి, తలుపు తిప్పి, ఆ చుక్క మీద మొన పెట్టి అవతలి నుంచి కొట్టడం. వీలైతే రెండూ చేయండి.

మైకా, వెనీరు ఉన్న ముఖం మీద మొదటి మిల్లీమీటరే గండం. కంపాసుతో గీత గీసి, పదునైన కట్టర్‌తో ఆ గీత వెంట రెండు మూడుసార్లు లోతుగా గీయండి. హోల్ సా అయితే పైలట్ బిట్ (మధ్యలో ఉండే సన్న బిట్) దిగాక మెషీనును ఉల్టా తిప్పి పళ్ళతో పైపొరను మెల్లగా గీకించి, తర్వాత ముందుకు తిప్పితే అంచు చాలా శుభ్రంగా వస్తుంది. పైన మాస్కింగ్ టేపు అంటించడం మంచిదే, కానీ మొద్దు బిట్‌ను టేపు కాపాడలేదు.

ఫోర్స్ట్‌నర్‌కు పొట్టును పైకి తోసే గాడి ఉండదు. ప్రతి 5–6 మి.మీ.కీ బయటకు తీసి పొట్టు దులపండి, తీసేటప్పుడు బిట్ తిరుగుతూనే ఉండాలి. వచ్చేది పలచటి తురుము అయితే అంతా బాగున్నట్టు. పిండిలా రాలుతోందంటే బిట్ మొద్దుబారింది, లేదా మీరు సరిగా ఒత్తడం లేదు.

ఆటో హింజు గుంట

35 మి.మీ. వెడల్పు, సాధారణంగా 11.5 నుంచి 13 మి.మీ. లోతు. కచ్చితమైన కొలత హింజు పెట్టె మీద ఉంటుంది. తలుపు అంచుకు, గుంట అంచుకు మధ్య 3–6 మి.మీ. ఉండాలి కాబట్టి కేంద్రం అంచు నుంచి 20.5–23.5 మి.మీ. మధ్యలో పడుతుంది. 18 మి.మీ. ప్లైలో 12.5 లోతు పోయి, బిట్ మొన ఇంకో 2–3 మి.మీ. ముందుకు దిగితే మిగిలేది రెండున్నర నుంచి మూడున్నర మి.మీ. ఒక చెయ్యి ఊపు ఎక్కువైతే ముందువైపు చుక్క పడుతుంది. బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టడం కన్నా లోతు ఆపే కాలరు బిగించండి, టేపు జారిపోతుంది. పైగా చేతిలో మెషీను ఒరిగితే గుంట ఒకవైపు లోతై, హింజు కప్పు ఊగుతుంది. డ్రిల్ స్టాండు ఉంటే ఇక్కడే దాని విలువ తెలుస్తుంది.

రౌండ్ లాక్

ముందుగా లాక్‌తో వచ్చిన కాగితం నమూనాను తలుపు అంచుకు మడిచి అంటించండి. అంచు నుంచి బెజ్జం కేంద్రానికి 60 లేదా 70 మి.మీ., ఏది వాడతారో ఖాయం చేసుకోండి. తలుపు మధ్యలో నగిషీ ఫ్రేము ఉంటే నాబ్ పళ్ళెం దానిమీద ఎక్కకుండా చూసుకోవాలి. ఇది మరిచిపోయి కొట్టాక తెలుసుకునేవాళ్ళే ఎక్కువ.

వరస ముఖ్యం. ముఖం మీద 54 మి.మీ. ముందు, అంచులో నాలుక కోసం 25 మి.మీ. తర్వాత. ముందే అంచు బెజ్జం లోతుగా కొడితే హోల్ సా పైలట్ బిట్‌కు మధ్యలో పట్టు ఉండదు. పైలట్ బిట్ పళ్ళకన్నా బాగా ముందుకు వచ్చి ఉందో లేదో చూడండి. రెండూ సమానంగా ఉంటే సా పైపైన జారి తలుపు మీద అర్ధచంద్రం గీస్తుంది.

టేకు తలుపు 35–40 మి.మీ. మందం ఉంటుంది, హోల్ సా కప్పు లోతు కూడా దాదాపు అంతే. ఒకేవైపు నుంచి కొడితే పొట్టు బయటకు రాక కాలుతుంది. దీనికి ఒక కిటుకు: సా పళ్ళు సగం మి.మీ. గాడి పెట్టాక, ఆ గాడికి లోపలివైపు ఆనుకునేలా 8 మి.మీ. బెజ్జాలు రెండు అవతలిదాకా కొట్టండి. పొట్టు వాటిలోంచి రాలిపోతుంది, సా చల్లగా దిగుతుంది. ఆ బెజ్జాలు గాడి బయటకు మాత్రం పోకూడదు. సగం అయ్యాక తలుపు తిప్పి, పైలట్ బెజ్జంలో మొన పెట్టి అవతలి సగం పూర్తి చేయండి.

లోపల ఇరుక్కున్న గుండ్రటి ముక్కను వెంటనే వేలితో తీయొద్దు, సా వేడిగా ఉంటుంది. ప్లగ్గు పీకి, సా పక్క కన్నాల్లోంచి స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా ఎత్తండి. రాకపోతే ముక్కలోకి రెండు చెక్క మరలు ఎదురెదురుగా బిగించుకుంటూ పోతే అవి అడుగున తగిలి ముక్కను పైకి నెడతాయి.

అంచు బెజ్జం ఇంకా సున్నితం. 35 మి.మీ. మందంలో 25 పోతే రెండు పక్కలా మిగిలేది 5 మి.మీ. చొప్పున. తలుపును నిలబెట్టి, సందులో గట్టి చెక్క చీలలు తోసి కదలకుండా చేయండి. అంచుకు రెండు ముఖాల మీదా చెక్క ముక్కలు పెట్టి క్లాంపు బిగిస్తే పక్కలు చీలవు. ఇంకొకరిని పక్కన నిలబెట్టి మెషీను మూలమట్టానికి ఉందా లేదా చెప్పమనండి, పట్టుకున్నవాడికి తన వాలు తనకు తెలియదు. 60 మి.మీ. కేంద్రమయితే 33 మి.మీ. పోగానే బిట్ పెద్ద బెజ్జంలోకి బయటపడి గుంజుతుంది, అక్కడికి వచ్చేసరికి ఒత్తిడి తగ్గించాలి.

పాత లాక్ తీసి పెద్దది పెట్టాల్సి వస్తే ఉన్న బెజ్జానికి కేంద్రం ఉండదు. 12 మి.మీ. ప్లై ముక్కకు కావలసిన సైజు బెజ్జం కొట్టి, దాన్ని తలుపు మీద సరిచూసి క్లాంపులతో బిగించి, పైలట్ బిట్ తీసేసిన హోల్ సాను ఆ కన్నంలోంచి దింపండి.

పాత కలప, వానాకాలం కలప

పాత ఇళ్ళు పడగొట్టగా వచ్చిన టేకు దూలాలతో తలుపులు చేయించుకోవడం మన దగ్గర మామూలే. కలప బ్రహ్మాండం, లోపల విరిగిన మేకులతోనే తంటా. బెజ్జం పడే చోట బలమైన అయస్కాంతం రాసి చూడండి. లోతుగా ఉన్న మేకు దానికి దొరక్కపోవచ్చు, అందుకని సన్నటి 3 మి.మీ. బిట్‌తో ఒకటి రెండు చోట్ల పరీక్షించడం మేలు. పోతే వంద రూపాయల లోపు బిట్ పోతుంది.

ముసురు పట్టిన రోజుల్లో నీళ్ళు పీల్చిన కలప మీద బెజ్జం పీచులు పీచులుగా వస్తుంది. అది ఎండాక గుండ్రంగా కూడా ఉండదు. కలప నార పొడుగునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగా ముడుచుకుంటుంది, దాంతో బెజ్జం కోలగా మారి లాక్ బిగుసుకుంటుంది. వానాకాలంలో బిగుసుకున్న తలుపుకు కొలత తీసి నాలుక రంధ్రం పెడితే వేసవిలో చట్రానికి అందదు. ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే చట్రం వైపు పళ్ళెం బిగింపు చివరికి ఉంచుకోండి.

బిట్లకు పదును

ఫ్లాట్ బిట్‌ను సన్నటి ఆకురాయితో అడుగు అంచుల మీద మాత్రమే రాయాలి, పక్కలు రాస్తే సైజు తగ్గిపోతుంది. ఫోర్స్ట్‌నర్‌కు బయటి వలయాన్ని ముట్టుకోవద్దు, లోపలివైపునుంచే. నీలం రంగు తిరిగిన బిట్ వేడికి మెత్తబడి ఉంటుంది, ఎంత రాసినా పదును నిలవదు. టేకు జిగురు పళ్ళకు పట్టేస్తే కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాకే మెషీనుకు పెట్టాలి.

బెజ్జం అయ్యాక లాక్ బిగించే తొందరలో లోపలి గోడను అలాగే వదిలేస్తారు. అక్కడ నారలు కోసిన మొహాలు తెరుచుకుని ఉంటాయి, గాలిలో తేమ తాగేది వాటిలోంచే. గరుకు కాగితాన్ని ఒక కర్రముక్కకు చుట్టి లోపల రుద్ది, సీలరో వార్నిషో బ్రష్షుతో రెండు పూతలు పూసి, ఆరనిచ్చి అప్పుడు లాక్ దింపండి. ఫ్లష్ డోరు అయితే అంచు బెజ్జంలో తప్పకుండా పూయాలి, వాన జల్లు పడే తలుపులు పొరలు విడిపోవడం అక్కడినుంచే మొదలవుతుంది.